స్టెబిలైజర్ టక్కుమన్నప్పుడల్లా

ఆ ఏడాది మా మామిడితోట ఎగువ చెక్కలో పిందె ఎందుకు రాలిందో ఇంట్లో ఇద్దరికే తెలుసు, నాన్నకూ నాకూ. అమ్మ ఇప్పటికీ తేనెమంచు పురుగు వల్లే అంటుంది. మేమిద్దరం ఆ మాటకు ఎదురు చెప్పం.

మా ఇల్లు నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో, ఊరికి కాస్త ఎడంగా తోటలోనే ఉంటుంది. ఇంటి ముందు ఉన్నది దిగువ చెక్క. అందులో బంగినపల్లి చెట్లు. వెనక నేల మెరకగా లేస్తుంది. ఆ మెరక మీద చిన్న రసాలు. దాన్ని ఎగువ చెక్క అంటాం. రెండు చెక్కలకూ ఒకటే బోరు, ఒకటే మోటారు. నీళ్ళు ముందు దిగువకు పారతాయి. ఆ తర్వాత నాన్న వాల్వు తిప్పితే పైకి ఎక్కుతాయి. మెరక ఎక్కాలి కాబట్టి పై చెక్క తడవడానికి గంటలు పడుతుంది.

నేను హైదరాబాదు నుంచి వెనక్కి వచ్చింది ఆ ముందటి వానాకాలంలో. రెండేళ్ళు చేసిన ఉద్యోగం ఒక మెయిల్‌తో పోయింది. మెయిల్ వచ్చినప్పటికి డబ్బాలో అన్నం సగమే తిన్నాను. నా పేరు సరిగ్గా రాశారా లేదా అని చూశాను. సరిగ్గానే రాశారు. డబ్బాలో మిగిలిన అన్నం తిన్నాను. చల్లబడిన పప్పు రుచి కూడా గుర్తుంది. ఏడుపు మాత్రం రాలేదు. తర్వాతైనా వస్తుందనుకున్నాను. బస్సులో రాలేదు, ఇంటికొచ్చాకా రాలేదు. ఒంటి మీద ఎక్కడో మత్తుసూది వేస్తే, ఆ మత్తు దిగడం మర్చిపోయినట్టు ఉండేది.

పదో తరగతి నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. ఆ నెలల్లో దాంట్లో కూడా ఏమీ రాయలేదు. తారీఖు వేసి, కింద 'వాన' అనో 'వాన లేదు' అనో రాసి మూసేసేదాన్ని. నూజివీడు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలలు దిండు కింద పెట్టుకుని చదివేదాన్ని. చదివితే ఎవరో తిడతారని కాదు. ఏం చదువుతున్నావని అడిగితే చెప్పాలి. అదే నాకు కష్టం.

సంక్రాంతి వెళ్ళాక కొత్త పని దొరికింది. పిల్లలకు పాఠాలు తయారుచేసే కంపెనీలో, తెలుగు పాఠాల్లో తప్పులు దిద్దే పని. ఇంటి నుంచే చేయవచ్చు. ముందు మూడు నెలలు ట్రయల్. నచ్చితే ఉంచుకుంటారు. పని తొమ్మిదింటికి మొదలు. రోజుకు రెండుసార్లు, పదింటికీ నాలుగింటికీ రివ్యూ ఉండేది. అప్పుడు నా స్క్రీను అందరికీ కనిపించేలా పెట్టి, నేను దిద్దినవి ఒక్కొక్కటే చదవాలి. అటువైపు మా టీమ్ లీడు, ఇంకో నలుగురు. ముఖాలు చూపించనక్కర్లేదని ముందే చెప్పారు. ఆ ఒక్క మాటతోనే నేను ఒప్పుకున్నాను.

ముందు గదిలో కిటికీ పక్కన పాత కుట్టుమిషను బల్ల వేశారు నాన్న. లాప్‌టాప్ నాదే, హైదరాబాదులో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని వైరు గోడకి పెట్టబోతుంటే నాన్న ఆపారు.

"ఆగమ్మా. ఉత్త గోడకి పెట్టేస్తావా? ఇక్కడి ఓల్టేజీ సంగతి నీకు తెలీదా?"

అటక ఎక్కి ఒక ఇనప పెట్టె దించారు. అది మా పాత ఫ్రిజ్‌కి వాడిన స్టెబిలైజరు. కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు షాపువాడు దీనికి అది అక్కర్లేదండీ అన్నాడు. నాన్న నమ్మకం లేకుండానే దాన్ని అటకెక్కించారు. ఇప్పుడు పాత పంచెతో తుడిచి, బల్ల కింద పెట్టి, లాప్‌టాప్ వైరు దాని వెనక గుచ్చారు. ముందు భాగంలో ఓల్టేజీ చూపించే ముల్లు, ఒక ఎర్ర లైటు. ముల్లు కదిలినప్పుడల్లా లోపల టక్కుమనేది.

"ఇంక నీకు ఢోకా లేదు," అన్నారు.

మొదటి రెండు వారాలు నిజంగానే ఢోకా లేదు. తోటలు పూత మీద ఉన్నాయి. పూత మీద మామిడికి నీళ్ళు పెట్టరు. కాబట్టి చుట్టుపక్కల మోటార్లేవీ నడవడం లేదు. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్ళు మొదలుపెడతారు. అప్పుడు తడి అందకపోతే పిందె నిలబడదు. ఇది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తోటల మోటార్లకు కరెంటు ఆ నెలల్లో పొద్దున ఏడింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి పోయేది. ప్రతి మోటారుకూ ఆటో స్విచ్ ఉంటుంది. కరెంటు రాగానే దానంతటదే మొదలవుతుంది, మనిషి వెళ్ళక్కర్లేదు. మా మోటారు బోరు లోపల ఉంటుంది. చప్పుడు వినపడదు. నడుస్తోందని తెలిసేది బల్బును చూసే. వెలుగు తగ్గి పచ్చబడితే నీళ్ళు ఎక్కుతున్నట్టు. మా ఇంటికీ, మా మోటారుకూ, పక్క తోట బాబాయి మోటార్లు రెండింటికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు.

నీళ్ళు మొదలుపెట్టిన రోజు పదింటి రివ్యూలో నేను మూడో పేజీ చదువుతున్నాను. బల్ల కింద టక్కుమంది. స్క్రీను నల్లగా ఆరిపోయి, ఒక క్షణం తర్వాత మసకగా వచ్చింది. ఇంకో నాలుగు క్షణాలకు మళ్ళీ టక్కు, మళ్ళీ నలుపు, మళ్ళీ వెలుగు. నేను చదవడం ఆపేశాను.

"హలో? మీ స్క్రీన్ పోయిందండీ," అంది లీడు. ఆవిడ గొంతు మెత్తగానే ఉంటుంది.

"వస్తుందండీ," అన్నాను. వచ్చింది. మళ్ళీ పోయింది.

ఆ రోజు ఎన్నిసార్లు ఆరిందో రాత్రి డైరీలో రాశాను. చాలా రోజుల తర్వాత వాన కాకుండా ఇంకొకటి రాయడం అదే. మరుసటి రోజు నుంచి ఆరినప్పుడల్లా టైము వేయడం మొదలుపెట్టాను. తొమ్మిదీ నలభై, టక్. పదీ అయిదు, టక్, టక్. పదీ పన్నెండు, టక్. దిద్దాల్సిన పాఠాలు ఒకపక్క, డైరీ ఒకపక్క. దాన్ని చూసి నాకు భయం వేయలేదు, కోపం రాలేదు. టైము మాత్రం తప్పకుండా వేశాను.

బాగుచేయడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. ఆపి మళ్ళీ పెట్టాను. అప్‌డేట్లు ఎక్కించాను. స్క్రీను వెలుగు దానంతటదే మారకుండా చేశాను. మూత కదిపితే ఆరుతుందేమోనని మెల్లగా పైకీ కిందకీ కదిపి చూశాను. అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది.

"దాన్ని అంతలా గుచ్చి గుచ్చి చూడకే. సిగ్గుపడి ఆరిపోతోంది, నీలాగే."

"అమ్మా, పని చేసుకోనీ."

"చేసుకోమ్మా. నలుగురి ముందు మాట్లాడాల్సొస్తే నువ్వూ అంతేగా. మసకేసి కూర్చుంటావు."

నాలుగో రోజు లీడు నన్ను ఒక్కదాన్నే కాల్‌లో ఉండమంది. "మీ వర్క్ బాగుందండీ. కానీ రివ్యూలో ప్రతి రెండు నిమిషాలకీ స్క్రీన్ పోతే మిగతావాళ్ళ టైమ్ పోతోంది. ట్రయల్ పీరియడ్ కదా, నేను నోట్ చేయాల్సి వస్తుంది. ఏదో ఒకటి చూసుకోండి ప్లీజ్."

"అలాగేనండీ," అన్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను అన్నది ఒక్కటే మాట. ఎన్నిసార్లు తలచుకున్నా అంతకుమించి అన్నట్టు గుర్తులేదు. "మోటారు నడిచినప్పుడల్లా స్క్రీను ఆరిపోతోంది."

నాన్న తల ఎత్తారు. "ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

"మీవాళ్ళేమన్నారు?"

"రాసుకుంటానన్నారు."

"ఏం రాసుకుంటారు?"

"నా గురించి."

నాన్న అన్నం కలపడం ఆపి కంచంలోకి చూశారు. తర్వాత మజ్జిగ పొయ్యమన్నారు. ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున పక్క తోట బాబాయిని వెంటబెట్టుకొచ్చారు. బాబాయికి కరెంటు పని వచ్చు. లైసెన్సు లేదు, కానీ ఆ చుట్టుపక్కల ఎవరి ఫ్యూజు పోయినా ఆయన్నే పిలుస్తారు. స్టెబిలైజరు ముందు గొంతుక్కూర్చుని ముల్లు వంకే కాసేపు చూశాడు.

"ఇది పాతకాలం సరుకు అన్నయ్యా. గట్టిది. దీంట్లో లోపం ఉండదు. ఎర్తే ఎండిపోయుంటది."

ఇంటి వెనక ఎర్తు గుంట ఉంది. అందులో ఇనప పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి ఎప్పుడో పూడ్చారు. బాబాయి దోసెడు కల్లుప్పు అడిగాడు. అమ్మ ఉప్పు జాడీ తెచ్చి, "మీ గుంటకి ఉప్పు ఎక్కువైతే నన్నడక్కండి," అంది. ఉప్పు పోసి, మీద రెండు బిందెల నీళ్ళు కుమ్మరించారు.

"ఇంక చూడమ్మాయ్. పువ్వుల్లో పెట్టినట్టు నడుస్తది," అన్నాడు బాబాయి నాతో. "పనయ్యాక మీ కంపెనీ వాళ్ళకి చెప్పు, మీ బాబాయి ఉప్పు తిన్నారని."

ఆ రోజు నుంచి ఆరడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. పది, నాలుగు గంటల రివ్యూల్లో ఒకటి రెండుసార్లు మాత్రం. ఉప్పు పని చేసిందని డైరీలో రాసుకున్నాను. ఇంకో సంగతి కూడా రాసుకున్నాను, అప్పుడు దాన్ని పట్టించుకోలేదు గానీ. నేను వంటింట్లో అన్నం తింటున్నప్పుడు ముందు గదిలోంచి టక్కులు వరసగా వినపడేవి. ఒంటిగంటా పది, టక్. ఒంటిగంటా పదిహేను, టక్. నేను తిని వచ్చి కూర్చోగానే ఆగిపోయేవి.

వారం చూసి, పూర్తిగా పోవాలంటే షాపులో చూపించడమే మంచిదని ఒక శనివారం నూజివీడు వెళ్ళాను. బస్టాండు దగ్గర లాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న షాపు. అతను నాకన్నా కొంచెం పెద్దవాడేమో. నేను చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకెళ్ళాను. కాగితం ఇచ్చేశాను. అతను చదివి నవ్వాడు, కానీ వెటకారంగా కాదు.

"టైముల్తో సహా రాశారేంటండీ. డాక్టరు దగ్గరికొచ్చినట్టు."

లాప్‌టాప్ తెరిచి అరగంట నడిపాడు. ఒక్కసారి కూడా ఆరలేదు. ఆ తర్వాత చార్జరు వైరు పట్టి లాగేశాడు. స్క్రీను నల్లగా అయ్యి, మసకగా వచ్చింది. మళ్ళీ గుచ్చాడు. నల్లగా అయ్యి, వెలుగుగా వచ్చింది.

"ఇదేనా మీ రోగం?"

"ఇదే."

"ఇది రోగం కాదండీ. వైరు ఉన్నంతసేపు స్క్రీను సెకనుకి నూటిరవైసార్లు బొమ్మ గీస్తది. బ్యాటరీ మీదకి రాగానే చార్జింగు మిగల్చడానికి అరవైకి దిగిపోద్ది. ఆ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఇట్టా ఓసారి ఆరి వస్తది. వెలుగు కూడా తగ్గించుకుంటది. మీ ఇంట్లో వైరు ఎవరో లాగి పెడుతున్నట్టే లెక్క. దేనికి గుచ్చుతారు?"

"స్టెబిలైజరుకి."

"ఏ స్టెబిలైజరు?"

"ఫ్రిజ్‌ది. పాతది. టక్కుమంటుంది."

అతను చార్జరు దిమ్మను తిప్పి నా చేతిలో పెట్టాడు. "ఆ చిన్నక్షరాలు చదవండి."

వంద నుంచి రెండొందల నలభై ఓల్టుల దాకా అని ఉంది. రోజంతా అక్షరాలు చూడటమే నా పని. ఆ దిమ్మ మూడేళ్ళుగా నా చేతిలో ఉంది. ఆ అక్షరాలు ఎప్పుడూ చదవలేదు.

"మీ ఊళ్ళో ఓల్టేజీ ఎంత పడినా దీనికి లెక్కలేదండీ. మీ స్టెబిలైజరే, ఓల్టేజీ కొంచెం పడగానే ఫ్రిజ్ కాలిపోద్దని కరెంటు ఆపేసి మళ్ళీ ఇస్తంది. అది కాపాడతన్నాననే అనుకుంటంది. గోడకి పెట్టుకోండి, అయిపోద్ది."

బ్యాటరీ మీదకు వచ్చినా స్క్రీను ఒకేలా ఉండేలా సెట్టింగులు మార్చి ఇచ్చాడు. ఏమీ తీసుకోలేదు. మోటారుకూ దీనికీ సంబంధం లేదా అని అడిగాను. "మోటారు పాపం ఏం చేసిందండీ," అన్నాడు.

ఇంటికొచ్చి వైరు స్టెబిలైజరు నుంచి తీసి గోడకు పెట్టాను. సోమవారం పదింటి రివ్యూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆగకుండా చదివాను. "ఈరోజు క్లియర్‌గా ఉందండీ," అంది లీడు. ఆ రోజుతో డైరీలో టైములు వేయడం ఆపేశాను.

స్టెబిలైజరు మాత్రం తీయలేదు. దాన్ని అటక మీంచి దించినప్పుడు నాన్న ముఖం గుర్తుంది. నేను ఉద్యోగం పోగొట్టుకుని వచ్చాక, నా కోసం ఏదైనా చేయడానికి ఆయనకు దొరికింది ఆ పెట్టె ఒక్కటే. అదే తప్పు చేస్తోందని ఎలా చెప్పడం? అందుకని ప్లగ్గు తీయకుండా, ఎర్ర లైటు వెలుగుతూ ఉండేలా బల్ల కిందే ఉంచేశాను. దాని వెనక ఇప్పుడు ఏ వైరూ లేదు. బాబాయి మోటార్లు నడిచినప్పుడు అది ఖాళీగానే టక్కుమనేది. నాన్న కిటికీ పక్క నుంచి వెళ్తూ ఆ చప్పుడుకి ఒకసారి ఆగి, లోపలికి చూసి వెళ్ళేవారు. స్క్రీను వీపు ఆయన వైపు, ముఖం నా వైపు. నేను తల ఎత్తి, పర్వాలేదన్నట్టు ఊపేదాన్ని.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి.

ప్రతి ఏడూ పిందె గోలీకాయంత అయ్యాక తోటలు కౌలుకు పట్టే వ్యాపారి వస్తాడు. చెట్టు చెట్టుకూ తిరిగి, పైకి చూసి, మా తోట మొత్తం ఆయనే పట్టేవాడు. కోతదాకా కాపలా ఆయనదే. ఆ ఏడాది వచ్చిన రోజు పదింటి రివ్యూ మొదలవబోతోంది. తోటంతా తిరిగొచ్చి నా కిటికీ అవతల అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చి లోపలికి పోయింది.

"దిగువ బానే ఉందండీ. బంగినపల్లి గుత్తులు గుత్తులుంది. పైన చిన్న రసం ఏంటండీ అట్టా జారిపోయింది? కింద పరుపేసినట్టుంది పిందె. మట్టి చూస్తే పేలాలు వేగేట్టుంది. తడే లేదు."

నాన్న గొంతు వినపడింది. "మోటారు కాలిందండీ. రివైండింగుకి ఇస్తే వాడు లేటు చేశాడు."

"భలేవారే. నాకో ఫోను కొట్టకపోయారా? మైలవరంలో మా బావమరిదికి అదే షాపు. రాత్రికి రాత్రి చేయించేవాణ్ణి."

"ఇంతవుద్దనుకోలేదండీ."

"ఏమనుకోకండి. దిగువది నేను పడతాను. పైచెక్క ఈసారికి మీరే చూసుకోండి. కాపలా మనిషిని పెట్టేంత కాయ లేదు."

"అలాగే కానివ్వండి."

మోటారు కాలలేదు. నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. ఒకవేళ చెప్పాల్సొస్తే చెవి రుద్దుకుంటారు. కిటికీలోంచి ఆయన వీపు, కుడి చెవి కనిపిస్తున్నాయి. రుద్దుకుంటున్నారు.

"మీరు మ్యూట్‌లో ఉన్నారండీ," అంది లీడు. ఆవిడ ఎంతసేపటి నుంచి అంటోందో తెలియదు.

మ్యూట్ తీసి చదివాను. ఆ రోజు దిద్దింది ఏ పాఠమో గుర్తులేదు. రివ్యూ అయ్యాక డైరీ తీసి, వెనక్కి, ఉప్పు పోసిన రోజు దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు పేజీల్లో తొమ్మిది నుంచి నాలుగు దాకా ఖాళీ లేకుండా టక్కులే. ఉప్పు పోసిన మర్నాటి నుంచి అన్నీ ఒంటిగంట మీద చేరాయి. ఒంటిగంటా పది. ఒంటిగంటా పదిహేను. ఒంటిగంటా నలభై. అంటే నేను అన్నానికి లేచిన గంట. మిగతా రోజంతా దాదాపు తెల్లకాగితం. ఒక అక్షరం తప్పుపడితే పట్టుకుంటాను గాని, నా చేత్తో నేను రాసుకున్నదాన్ని అప్పటిదాకా చదవలేదు.

ఒంటిగంటకు వంటింట్లోకి వెళ్ళకుండా వెనక గుమ్మంలోంచి మోటారు షెడ్డుకు వెళ్ళాను. నాన్న స్టార్టరు పెట్టె ముందు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నారు. చేతి గడియారం చూసుకుంటున్నారు. ఆటో స్విచ్ ఆపేసి, కిందకు దించి ఉంది.

నన్ను చూసి కంగారుపడ్డారు. "అన్నం తినలేదా?"

"లేదు."

"తినెయ్యమ్మా. మళ్ళీ టైమైపోద్ది నీకు." పచ్చ బటన్ నొక్కారు. షెడ్డులో బల్బు వెలుగు పచ్చబడింది. "ఇది నీకు అడ్డం రాదులే. నువ్వు వెళ్ళేలోపు ఆపేస్తా."

"పగలంతా వెయ్యి నాన్నా."

"వేస్తే నీది ఆరిపోద్దిగా."

"ఆరిపోదు. అది మోటారు వల్ల కాదు."

"మరి?"

"స్టెబిలైజరు వల్ల. దాంట్లోంచి తీసేశాను. గోడకే పెట్టాను."

"ఎప్పుడు?"

"పద్దెనిమిది రోజులైంది."

నాన్న స్టార్టరు మీద చెయ్యి అలాగే ఉంచారు. "దాని లైటు వెలుగుతోందిగా."

"ఊరికే ఉంచాను."

"ఎందుకు?"

"నువ్వు తెచ్చావని."

గొట్టంలో నీళ్ళు పైకి ఎక్కుతున్న చప్పుడు సన్నగా వినపడుతోంది.

"అది టక్కుమన్నప్పుడల్లా నీ పని పోతోందనుకున్నా నేను," అన్నారు నాన్న. "తొమ్మిది దాకా వేసి ఆపేవాణ్ణి. అది దిగువకే చాలదు. మధ్యాన్నం నీ అన్నం గంట. ఆదివారం ఒక్కటే పైకి ఎక్కించగలిగింది."

"ఆపానని నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఆపనిస్తావా?"

ఆపనిచ్చేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు.

"నువ్వు తీసేశానని చెప్పొచ్చుగా," అన్నారు. ఆయనే మళ్ళీ, "సరిపోయాం ఇద్దరం," అని బకెట్టు మీంచి లేచారు. "ఫో, తినిరా. నేను నీళ్ళు పైకి తిప్పుతా. ఉన్నదన్నా నిలబడుద్ది. మీ అమ్మతో అనకు. ఈ ఏడు పురుగు ఎక్కువేగా, అదనుకుంటుందిలే."

ఆరింటికి పని అయ్యాక ఎగువ చెక్కలోకి వెళ్ళాను. చెట్ల కింద అప్పుడప్పుడే తడిసిన మట్టి. దాని మీద ఎండి నల్లబడ్డ పిందెలు. నడిస్తే చెప్పుల కింద నలుగుతున్నాయి. తొక్కకుండా వెళ్ళడానికి దారి లేదు. ఒక చెట్టు కింద నిలబడి, ఇప్పుడన్నా ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. అక్కడే కూర్చున్నాను. పిందెలు చేతిలోకి తీసుకుంటే బరువు లేవు. చీకటి పడేలోపు లేచి వచ్చాను. ఆ రాత్రి డైరీలో, ఎగువ చెక్కలో పిందె రాలింది అని రాశాను. ఎందుకో కూడా రాశాను. అది రాయడానికి ఒక పేజీ పట్టింది. చాలా నెలలకు నేను నిండా రాసిన మొదటి పేజీ అది.

స్టెబిలైజరును నాన్నే తీశారు. మళ్ళీ అదే పంచెలో చుట్టి అటకెక్కించారు. పారేద్దామని అమ్మ అంటే, "ఉండనీ, అదేం చేసింది," అన్నారు.

ట్రయల్ అయిపోయిన రోజు మెయిల్ వచ్చింది. ఉంచుకున్నారు. ఈ మెయిల్‌లో కూడా నా పేరు సరిగ్గానే ఉంది. మూడుసార్లు చదివాను. సంతోషం ఎక్కడుందోనని వెతికి, దొరక్కపోతే లేచి వెళ్ళి నాన్నకు చెప్పాను. ఆయన దిగువ చెక్కలో వ్యాపారి మనుషులతో ఉన్నారు.

"ఉంచుకున్నారా?"

"ఉంచుకున్నారు."

"సరే." అటు తిరిగి పై చెక్క వైపు ఒకసారి చూశారు. "మంచిదే. అందుకేగా," అన్నారు. పక్కనున్న మనిషి దేనికండీ అని అడిగితే, ఏం లేదులే అన్నారు.

ఎగువ చెక్కలో నిలిచిన ఆ కాస్త కాయా ఇంట్లోకీ, బాబాయి వాళ్ళకూ సరిపోయింది. రసాలు పిండుకుని తింటూ అమ్మ తేనెమంచు పురుగును తిట్టింది. నాన్న టెంక చీకుతూ తల ఊపారు. నేనూ ఊపాను.

ఆటో స్విచ్‌ను నాన్న మళ్ళీ పైకి ఎత్తలేదు. ఎత్తెయ్యమని రెండుసార్లు చెప్పాను. పర్వాలేదులే, నడక బావుంటుంది అన్నారు. ఈ ఏడాది పిందె మళ్ళీ బఠాణీ గింజంత అయింది. మోటార్ల కరెంటు ఇప్పుడు తొమ్మిదింటికి వస్తోంది. నేను బల్ల ముందు కూర్చునే వేళకు ఆయన కిటికీ అవతలికి వస్తారు.

"వెయ్యనా?"

"వెయ్యి నాన్నా."

షెడ్డుకు వెళ్తారు. బల్బు పచ్చబడుతుంది. తిరిగి కిటికీ దగ్గరకు వచ్చి, ఊచలు పట్టుకుని, తల పక్కకు వంచి నా స్క్రీను కనిపించేదాకా చూస్తారు. చూసేందుకు వీలుగా ఇప్పుడు లాప్‌టాప్‌ను కొంచెం అటు తిప్పి పెడుతున్నాను. ఆరలేదని తెలిశాక, వాల్వు తిప్పడానికి పైకి వెళ్తారు.